అణు ప్లాంట్‌లో ప్రమాదమైతే ఆసుపత్రిలో ముందు ఏం చేస్తారు?

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు ప్లాంట్ పెట్టాక ఏదైనా జరిగితే పేషెంట్లని వైజాగే తెస్తారు కదా, కేజీహెచ్ డాక్టర్లు వాళ్లని ముట్టుకోవచ్చా అని అడిగారు. ముట్టుకోవచ్చండీ. రక్తం కారుతున్నా ఊపిరాడకపోయినా ముందు దాని సంగతే చూడాలి, రేడియేషన్ లెక్క తర్వాత. బట్టలు విప్పించి కవర్లో కట్టేస్తేనే ఒంటి మీది రేడియోధార్మిక ధూళి చాలావరకు పోతుంది, మిగిలింది గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడగాలి, గట్టిగా రుద్దకూడదు, చర్మం గీసుకుపోతే అది లోపలికి వెళ్తుంది. గ్లౌజులు, మాస్కు, గౌను ఉంటే స్టాఫ్‌కి పెద్ద రిస్క్ ఉండదు.

అసలు తలనొప్పి గేటు దగ్గరే. 2020లో వైజాగ్ వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు చూశాం కదా, జనం అంబులెన్స్ కోసం ఆగరు, ఎలా కుదిరితే అలా వచ్చేస్తారు, అందుకే రేడియేషన్ మీటర్‌తో చెక్ చేసి ధూళి అంటినవాళ్లకి వేరే దారి పెట్టాలి.

ఒంటికి తగిలిన రేడియేషన్ డోసు ఎంతో తెలియాలంటే వాంతులు ఎంతసేపటికి మొదలయ్యాయో రాసుకుని, కొన్ని గంటలకోసారి రక్తం తీసి లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎంత స్పీడ్‌గా పడిపోతున్నాయో చూస్తారు. 1986 చెర్నోబిల్‌లో 134 మందికి తీవ్రమైన రేడియేషన్ జబ్బు తేలితే 28 మంది నెలల్లోనే పోయారు. 2011 ఫుకుషిమాలో అలా ఎవరూ పోలేదు, కానీ మంచం పట్టిన ముసలి పేషెంట్లని సరైన వైద్యం లేకుండా బస్సుల్లో గంటలకొద్దీ తరలిస్తే చాలామంది పోయారు, నా దృష్టిలో ప్లాన్‌లో ముందు రాయాల్సింది ఇదే.

అయోడిన్ మాత్ర అంటారా, అది థైరాయిడ్‌ని మాత్రమే కాపాడుతుంది, అదీ అధికారులు చెప్పిన టైముకి వేసుకుంటేనే.