కీబోర్డు ముందు ఒకరు, వెనుక ఇద్దరు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాను. ఇద్దరు స్నేహితులతో కలిసి రెండేళ్లుగా ఐసీపీసీ అనే అంతర్జాతీయ కాలేజీ ప్రోగ్రామింగ్ పోటీలకు తయారవుతున్నాను. ఈమధ్య జరిగిన ప్రాంతీయ పోటీలో మేము నాలుగు ప్రాబ్లమ్‌లు చేశాం. వాటిలో ఒకదానికి నేను కుర్చీలోంచి లేవకుండా వరుసగా మూడు తప్పు సబ్మిషన్లు పంపాను. మాలాగే నాలుగు చేసిన టీమ్‌లు చాలా మాకంటే పైకి వెళ్లాయి. తిరుగు ప్రయాణంలో ఒక స్నేహితుడు ‘అంతా నీ వల్లే’ అన్నాడు. నా స్థానంలో మరొకరిని తీసుకోవాలనుకుంటున్నారని కూడా విన్నాను. నేనే ముందుగా తప్పుకోవడం మంచిదా?
– ఒక విద్యార్థి, నిజాంపేట

జవాబు: వద్దు. ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వరకు ఆ నిర్ణయం మీరు ఒక్కరే తీసుకోకండి.

ముందు నష్టమెంతో లెక్క చూద్దాం, ఎందుకంటే ఈపాటికి మీ మనసులో అది ఉన్నదానికంటే పెద్దదై ఉంటుంది. ఈ పోటీలో ఎక్కువ ప్రాబ్లమ్‌లు చేసిన టీమే ముందుంటుంది. సంఖ్య సమానమైతేనే సమయం చూస్తారు. చివరికి సరైన జవాబు వచ్చిన ప్రాబ్లమ్‌కు, అంతకుముందు పంపిన ఒక్కో తప్పుకు 20 నిమిషాల పెనాల్టీ కలుపుతారు. అంటే మీ తప్పుల ఖరీదు 60 నిమిషాలు. అది చిన్నదని చెప్పి మిమ్మల్ని ఓదార్చను. అయితే ఐదవ ప్రాబ్లమ్ ఒక్కటి అయి ఉంటే, నాలుగు చేసిన టీమ్‌లన్నీ ఆ 60 నిమిషాలతో నిమిత్తం లేకుండా మీ కిందే ఉండేవి. ఆ ఐదవది కాకపోవడంలో ముగ్గురికీ భాగముంది.

ఐదు గంటల పోటీలో ముగ్గురికీ కలిపి ఆలోచించడానికి 900 నిమిషాలు ఉంటాయి, కానీ ఉన్నది ఒకటే కంప్యూటర్ కాబట్టి టైప్ చేయడానికి 300 నిమిషాలే దొరుకుతాయి. అందువల్ల ఎప్పుడు కూర్చోవాలో తెలియడం కంటే ఎప్పుడు లేవాలో తెలియడమే ఇక్కడ కష్టమైన విద్య. మొదటి తప్పు రాగానే మీరు లేవలేదు, నిజమే. కానీ రెండవసారి, మూడవసారి పంపుతున్నప్పుడు మిగతా ఇద్దరిలో ఎవరైనా ‘ఆగు, ఒకసారి నేను చదువుతాను’ అన్నారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

చదువుకునే రోజుల్లో నాకూ ఇలాగే జరిగింది. రెండు తప్పుల తర్వాత చెమటలు పడుతుంటే, నా స్నేహితుడు నా కోడ్ ప్రింటు తీయించి పక్క బల్ల మీద పరిచి, పెన్నుతో ఒక్కో వరుస చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. కూడాల్సినవి లక్ష సంఖ్యలు, ఒక్కొక్కటి లక్ష వరకు ఉండవచ్చు. అంటే మొత్తం 1,000 కోట్ల దాకా పోతుంది. సంఖ్యను దాచడానికి నేను వాడిన ‘ఇంట్’ అనే రకంలో పట్టేది సుమారు 214 కోట్లే. అతను ఏమీ అనలేదు, ఆ వరుస కింద గీత గీసి కాగితాన్ని నా ముందుకు జరిపాడు. దాన్ని ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే ‘లాంగ్ లాంగ్’ అని మార్చి పంపితే అయిపోయింది. అతని స్థానంలో నేనుంటే అంత నిదానంగా ఉండగలిగేవాణ్ణి కాదని ఇప్పటికీ అనుకుంటాను.

కాబట్టి ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టుకోకుండా, ఇద్దరినీ ఏదైనా ఇరానీ హోటల్‌కు పిలవండి. ఆ పోటీలో ఏ నిమిషంలో ఎవరు కీబోర్డు దగ్గర ఉన్నారో గుర్తున్నంతవరకు కాగితం మీద రాయండి. మీ మూడు సబ్మిషన్లతోనే మొదలుపెట్టండి. ‘నీ వల్లే’ అన్న మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో ఆ స్నేహితుడికి సూటిగా చెప్పండి, కొత్తవారిని తీసుకునే ఆలోచన నిజమేనా అని కూడా అక్కడే అడగండి. నిజమే అయితే టీమ్ మారుతుంది, బాధగానే ఉంటుంది. రెండేళ్ల స్నేహాన్ని మాత్రం దానితో ముడిపెట్టకండి. కొనసాగుదామంటే ఒక నియమం పెట్టుకోండి: తప్పు వచ్చిన వెంటనే టైప్ చేసినవారు కుర్చీ ఖాళీ చేయాలి, మరొకరు చదవకుండా రెండవసారి పంపకూడదు. దాన్ని ఈ ఆదివారమే, ఒకే కంప్యూటర్‌తో, ఆ రోజు మీకు లొంగని ఐదవ ప్రాబ్లమ్ మీద ఆచరించి చూడండి.