స్కార్ఫ్ తీసేస్తే గొడవ పోతుందా?

ప్రశ్న: మాది కర్నూలు. చాలా ఏళ్లుగా డల్లాస్ దగ్గర ఉంటున్నాం. హెచ్1బి మీదే ఉన్నాం, గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పోయిన రంజాన్ నుంచి తనంతట తానే స్కార్ఫ్ కట్టుకుంటోంది. నేను కట్టుకోను. స్కూల్ బస్సులో ఇద్దరు పిల్లలు దాన్ని లాగేసి, ‘బాంబు ఎక్కడ దాచావ్’ అన్నారట. ఈ సంగతి నెల తర్వాత తన స్నేహితురాలి తల్లి చెబితే తెలిసింది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం మానేసి లైబ్రరీలో కూర్చుంటోంది. ‘కాలేజీకి వెళ్లేదాకా తీసేయమను, బడితో గొడవ పెట్టుకుంటే మన కాగితాలకే ఎసరు’ అంటారు మా ఆయన. ‘తీస్తే ఊరుకోను’ అని కర్నూలు నుంచి అత్తమ్మ. మొన్న ఉగాది వేడుకలో ఒకావిడ ‘మీరు ముస్లింలా? తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారో!’ అంది. అదీ మనసులోంచి పోవడం లేదు. – ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలో మీ ఆయన మాట ఉంది, అత్తగారి మాట ఉంది, ఉగాదినాటి ఆవిడ మాట కూడా ఉంది. మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. నెల రోజులు తను ఎందుకు దాచిందో ఆలోచించారా? చెబితే ‘తీసేయ్’ అంటారని ముందే ఊహించి ఉంటుంది.

మీ ఇంట్లో రెండు విషయాలు కలగాపులగం అయ్యాయి. స్కార్ఫ్ ఉంచాలా తీయాలా అన్నది ఒకటి. బస్సులో మీ పిల్ల మీద చెయ్యి వేశారన్నది ఇంకొకటి. ముందు తేలాల్సింది రెండోదే. చెయ్యి వేసినవాళ్లను వదిలేసి మీ పిల్లతో స్కార్ఫ్ తీయిస్తే, తప్పు తనదేనని కన్నవాళ్లే తీర్పు చెప్పినట్టవుతుంది. రేపు వాళ్లు తన పేరు పట్టుకుని ఏడిపిస్తే పేరు కూడా మారుస్తారా? ఆ గొడవ తేలాక, ఎవరి ఒత్తిడీ లేకుండా తనకే తీసేయాలనిపిస్తే తీసేయనివ్వండి. ఈ మాట అత్తగారికి మీరు కాదు, మీ ఆయన చెప్పాలి. కోడలు చెబితే అది వేరే గొడవ అవుతుంది.

మీ ఆయనది పిరికితనం అనుకోకండి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతేలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన సంగతి అమెరికాలో ఉన్న ఏ తెలుగు కుటుంబమూ మరచిపోలేదు. కాల్చినవాడు ఆయన్నీ, ఆయన స్నేహితుణ్ణీ ఇరానీయులనుకున్నాడు. ‘పొరపాటుపడి చంపాడు’ అనే మాట మాత్రం నాకు మింగుడుపడదు. ఎదురుగా నిజంగా ఇరానీయుడే ఉంటే ఫరవాలేదా? ఆ భయం మీ ఆయనలో ఉంది, అది ఉట్టి భయం కాదు. కానీ కాగితాల సంగతి వేరు. పిల్లను వేధించారని బడికి ఫిర్యాదు చేయడానికీ మీ గ్రీన్‌కార్డు దరఖాస్తుకూ సంబంధం లేదు. బడిలో పిల్లకుండే రక్షణ తల్లిదండ్రుల వీసాను బట్టి రాదు. మీ ఇమిగ్రేషన్ లాయర్‌నే ఒకసారి అడగమనండి, ఆయన మనసూ కుదుటపడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పండి. 2003లో ఓక్లహోమాలోని మస్కోగీలో ఆరో తరగతి అమ్మాయిని హిజాబ్ కట్టుకొచ్చిందని సస్పెండ్ చేశారు. తలకు ఏదీ ఉండకూడదన్నది ఆ బడి నియమం. అమెరికా న్యాయశాఖే ఆ పిల్ల పక్షాన కోర్టులో నిలబడింది. మరుసటేడు బడివాళ్లు రాజీకొచ్చి హిజాబ్‌కు ఒప్పుకున్నారు. అంటే దీన్ని పట్టుకుని నిలబడినవాళ్లు మీకు ముందే ఉన్నారు.

ఇక ఫిర్యాదు. ఫోన్ చేస్తే ‘చూస్తాం’ అంటారు, అక్కడితో సరి. ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ రాయండి: ఏ రోజు, ఏ బస్సు, ఏమన్నారు, ఎవరు చూశారు. ‘ఏడిపించారు’ అని మెత్తగా రాయొద్దు, హరాస్‌మెంట్ అనే మాటే వాడండి. మతాన్నీ, పుట్టుకనూ చూసే చేశారని స్పష్టంగా ఉండాలి. బస్సులో కెమెరా ఉంటే రికార్డు చెరిపేయవద్దని అడగండి. నెల దాటింది కాబట్టి పోయి ఉండొచ్చు, అయినా అడగండి. ఏం చర్య తీసుకున్నారో, రేపటి నుంచి బస్సులో పిల్లకు భద్రత ఏమిటో రాతపూర్వకంగా కోరండి. స్పందన లేకపోతే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లండి. అదీ కుదరకపోతే అమెరికా కేంద్ర విద్యాశాఖలో పౌరహక్కుల విభాగం ఉంది, ఘటన జరిగిన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. మీకు ఇప్పటికే ఒక నెల ఖర్చయిపోయింది.

ఈమెయిల్ పంపేముందు అమ్మాయికి చదివి వినిపించండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని కాదు, కారులో వెళ్తున్నప్పుడు అయితే పిల్లలు తేలిగ్గా మాట్లాడతారు. తను వద్దన్న వాక్యం తీసేయండి. ‘అసలు పంపొద్దు’ అంటే ఎందుకో ఓపిగ్గా వినండి, కానీ మానేయకండి. ఒకరు చెయ్యి వేశాక పెద్దవాళ్లు కల్పించుకోక తప్పదని తనకు చెప్పే పంపండి.

ఉగాదినాటి ఆవిడకు మీ తెలుగు ఒక వింతలా కనబడింది. ఉమర్ ఆలీషా లాంటి ముస్లిం కవి పద్యాలు రాసిన భాషలో మీరు మాట్లాడితే అందులో వింతేముంది? మళ్లీ ఎవరైనా అంటే, ‘కర్నూలులో ఇంకేం మాట్లాడతారండీ?’ అని నవ్వుతూనే అడిగేయండి. బయటివాళ్ల మాటకన్నా మనవాళ్ల మాట ఎక్కువ గుచ్చుకోవడం సహజమే. దానికోసం వేడుకలకు వెళ్లడం మాత్రం మానకండి. వెళ్లకపోతే మీ అమ్మాయికి అక్కడున్న స్నేహాలు కూడా పోతాయి.

ఆ స్నేహితురాలి తల్లి మీకు కబురు చెప్పి పెద్ద మేలు చేసింది. ఆ పిల్లను ఈ వారమే భోజనానికి పిలవండి. మధ్యాహ్నం తోడుగా ఎవరు కూర్చుంటారన్న ప్రశ్నకు జవాబు బహుశా ఆ పిల్లే. స్కూల్ కౌన్సెలర్‌కూ ఈ సంగతి తెలియాలి. తిండి, నిద్ర త్వరగా దారిలో పడకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించండి. అందుకోసం ప్రిన్సిపాల్ జవాబు వచ్చేదాకా ఆగకండి.