ముందు ఎదురుగాలికే వెళ్లు

చిట్టితల్లీ,

మీ ఊళ్లో నీటి ఒడ్డున వేసిన బాట మీద రోజూ సైకిల్ తొక్కాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! ముప్పై ఏళ్లుగా ఇలాంటి బాటల మీద నడిచాను, తొక్కాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇంట్లోంచి కదిలే ముందే గాలి ఎటునుంచి వస్తోందో చూసుకో. జెండా చూడు, చెట్ల కొమ్మలు చూడు, నీటి మీద అలల వాలు చూడు. గాలికి ఎదురుగా వెళ్లి, గాలితో పాటు తిరిగి రా. నువ్వు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నావనుకో. అంతే వేగంతో గాలి ఎదురొస్తే నీ ఒంటికి తగిలేది 36 కిలోమీటర్ల గాలి. అప్పుడు అది నిన్ను ఆపే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు. అదే గాలి వెనక నుంచి వచ్చిందా, అసలు గాలే లేనట్టుంటుంది. మోసపోయేది అక్కడే. ఇవాళ కాళ్లలో ఎంత బలముందో అనుకుంటూ చాలా దూరం వెళ్లిపోతాం. వెనక్కి తిరిగాక గానీ ఆ బలం ఎవరిదో తెలియదు.

సముద్రం పక్కనైనా, పెద్ద సరస్సు పక్కనైనా పొద్దున్నే వెళ్లడం మేలు. ఎండ ఎక్కేకొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి నీటి మీది చల్లగాలి దూసుకొస్తుంది. మధ్యాహ్నానికి అది పక్కనుంచి హ్యాండిల్‌ని నెట్టేంత బలంగా ఉంటుంది. నది ఒడ్డున గాలి ఎక్కువగా ఏటి దారి పట్టుకునే వీస్తుంది, కాబట్టి వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో ఎదురు తప్పదు. నదుల దగ్గర ఇంకో సంగతి. బాట వంతెనల కింద పల్లంలోకి దిగే చోట, వరద తీసిన తరువాత కూడా సన్నటి ఒండ్రు మిగిలి ఉంటుంది. దాని మీద బ్రేకు గట్టిగా పట్టావంటే చక్రం జారిపోతుంది. పొడి ఇసుకా అంతే. బాట మీదికి ఇసుక కొట్టుకొచ్చిన చోట హ్యాండిల్ తిప్పకు, బ్రేకు వేయకు. ముందే వేగం తగ్గించుకుని నిటారుగా దాటెయ్యి. తడిసిన చెక్క బాట మీద, అలలు ఎగిరిపడి పాచి పట్టిన చోట దిగి నడిపించుకుపో. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక మనుషుల సంగతి. ఇది మాత్రం మనసులో పెట్టుకో. ఒకసారి నేను ఒక పెద్దాయన వెనక రెండు గజాల దూరం దాకా వచ్చి బెల్లు కొట్టాను. ఎడమ పక్కన ఖాళీ ఉంది, దాటేద్దామనుకున్నాను. ఆయన ఉలిక్కిపడి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశారు. మనిషి ఎటు చూస్తే ఒళ్లు అటే వాలుతుంది. ఆయన అడుగు సరిగ్గా నా దారిలో పడింది. నా హ్యాండిల్ ఆయన చొక్కా చేతిని రాసుకుంటూ పోయింది. ఆయన కింద పడలేదు. గట్టు కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయారు, చేతికర్ర వణుకుతూనే ఉంది. ఒక్క మాట అనలేదు. ఆ వణుకు నాకింకా కళ్లకు కడుతుంది.

అప్పటినుంచి పదిహేను ఇరవై గజాల ముందే ఒకసారి మెల్లగా బెల్లు కొడతాను. వాళ్లు సర్దుకునేదాకా తొక్కడం ఆపేస్తాను. ముసలివాళ్లు, చిన్నపిల్లలు, కుక్కను తాడుతో నడిపించేవాళ్లు కనిపిస్తే నడక వేగానికి దిగిపోతాను. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాళ్లకి నీ బెల్లు వినపడదు. వాళ్లు విన్నారని అనుకోకు.

గీత గీసి విడదీసిన బాటైతే ఆ గీతను గౌరవించు. కెనడాలోని వాంకూవర్ నగరంలో స్టాన్లీ పార్కు చుట్టూ, సముద్రపు అలల్ని ఆపే గోడ వెంబడి సాగే బాట మీద సైకిళ్లన్నీ ఒకే దిక్కున, గడియారం ముళ్లకు వ్యతిరేకంగా వెళ్లాలి. నడిచేవాళ్లు ఎటైనా వెళ్లొచ్చు. షికాగోలో సరస్సు ఒడ్డు వెంబడి సుమారు 29 కిలోమీటర్లు సాగే బాటలో, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ దారులు వేరు చేసే పని 2018లో పూర్తయింది. రద్దీ పెరిగాక మంచి మనసొక్కటే చాలదు, చోటు కూడా వేరుగా ఉండాలి. మీ బాటకి అలాంటి గీత లేకపోతే పురపాలక సంఘానికి ఒక అర్జీ పెట్టు. నడిచేవాళ్ల చేత కూడా సంతకాలు పెట్టించు.

ఫోటో తీయాలనిపిస్తే బాట పక్కకు పూర్తిగా తప్పుకున్నాకే ఆగు. నీటి మీంచి తిరిగొచ్చే ఎండ కింది నుంచీ కాలుస్తుంది, టోపీ ఒక్కటే చాలదు. సముద్రం పక్కన తొక్కిన రోజు ఇంటికి రాగానే సైకిల్‌ని మంచినీళ్ల తడిగుడ్డతో తుడిచి, గొలుసు ఆరబెట్టి, నాలుగు చుక్కల నూనె వెయ్యి. ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు.

ఈ ఆదివారం తొక్కి వచ్చాక గాలి ఎటునుంచి వీచిందో, ఎక్కడ వెనక్కి తిరిగావో రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న