‘వైర్లు లాగే పని’ అంటే అంత చులకనా?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశాడు. నెట్‌వర్కింగ్ నేర్చుకుని ఐటీ సపోర్ట్‌లో చేరతానంటున్నాడు. వైర్లు లాగే పనికి డిగ్రీ దేనికండీ? లక్షన్నర కట్టి సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ బెంగ నాకు కొత్త కాదు. పెళ్లిలో ఎవరైనా ‘అబ్బాయి ఏం చేస్తున్నాడు’ అంటే చెప్పుకోవడానికి గొప్ప పేరు కావాలి. అంతేకదా? ఆ పేరుకు లక్షన్నర ఎక్కువండీ.

సైబర్ సెక్యూరిటీ మంచి రంగమే. నా అనుమానమంతా ‘నూరు శాతం ఉద్యోగం’ అని బోర్డు పెట్టి ఆరు నెలల్లో హ్యాకింగ్ నేర్పుతామనే చోట్ల మీద. అలాంటి కోర్సు చేసి వచ్చిన ఒక కుర్రవాణ్ణి 443 పోర్టు దేనికని అడిగాను. తల గోక్కున్నాడు. వెబ్‌సైట్లకు భద్రంగా రాకపోకలు సాగే దారి అది. దారులే తెలియనివాడిని కాపలాకు పెట్టుకునేదెవరు?

మీవాడు ఎంచుకున్న పని చూడండి. ఆఫీసులో ఒకరికి ఇంటర్నెట్ రాలేదు. కంప్యూటర్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) 169.254తో మొదలైతే, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. కేబుల్, స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె)లో ఆ కేబుల్ గుచ్చిన పోర్టు, సర్వర్ వరుసగా చూసుకోవాలి. చిరునామా సరిగానే ఉండి, గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే పలకరింపు) వెళ్తున్నా సైట్ల పేర్లు కొడితే తెరుచుకోకపోతే ముందు పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. ఇలా తర్కించడం వచ్చినవాడికి రేపు సెక్యూరిటీ, క్లౌడ్ ఏదైనా పట్టుబడుతుంది.

మొదట్లో జీతం తక్కువే, రాత్రి షిఫ్టులూ ఉంటాయి. అది దాచను. అయినా భయపడాల్సినదేమీ లేదు. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో వారి సాధన సాఫ్ట్‌వేర్ ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. రౌటర్లు, స్విచ్‌లు కొనకుండానే ఇంట్లో సాధన చేయవచ్చు. సిస్కో వారి నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ పరీక్షకు తొందర వద్దు, ఆ సర్టిఫికెట్ గడువు 3 ఏళ్లే. నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడదీసే సబ్‌నెట్ లెక్కలు కాగితం మీద తడబడకుండా వచ్చాక రాయనివ్వండి.

ఈలోగా కేబుల్ కొసకు కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్, కొన్ని ఆర్‌జే45 కనెక్టర్లు (నెట్‌వర్క్ కేబుల్ ప్లగ్గులు), నాలుగు మీటర్ల కేబుల్ కొనివ్వండి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం... ఎనిమిది తీగలూ వరుస తప్పకుండా కూర్చాలి. మొదటి రెండు మూడు కనెక్టర్లు పాడవుతాయి. పక్కనే కూర్చోండి, ఏమీ అనకండి. తర్వాత మీరూ ఒకటి బిగించి చూడండి.