ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

పద్మారావు నగర్,
సికింద్రాబాద్.

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, పిల్లకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, పెద్ద ఆసుపత్రి, ఒకటో తారీఖున చేరమన్నారు" అంటుంటే వాడి గొంతు బొంగురుపోయింది. నీకు బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చిన రోజు అట్లా మాట్లాడాడు, మళ్లీ నిన్న. మన ఇంట్లో నా తర్వాత నర్సు యూనిఫాం వేసుకునేది నువ్వే. సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. కానీ తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చున్నది మాత్రం సంతోషంతో కాదు. ఫోన్ పెట్టేసే ముందు మీ నాన్న, "ఆరు నెలలు ప్రొబేషనట, తర్వాత పర్మనెంటట" అన్నాడు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఫోన్‌లో చెబితే "సరే అత్తమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తా. తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, మార్కుల మెమోలు, ఆధార్, ఫొటోలు ఒకే ఫైల్లో పెట్టుకో. ఒరిజినల్స్ చూపించు, వాళ్ల దగ్గర వదలకు, జిరాక్సులు ఇవ్వు. హాస్టల్ ఆసుపత్రికి దగ్గర్లో చూసుకో, అద్దె వెయ్యి ఎక్కువైనా సరే. చెప్పులు మంచివి కొనుక్కో.

ఇక అసలు సంగతి. నీకు మెయిల్లో వచ్చింది ఆఫర్ లెటర్. అపాయింట్‌మెంట్ లెటర్ వేరే ఉంటుంది. షరతులన్నీ ఉండేది అందులోనే. చేరే రోజు పొద్దున పది కాగితాలు ముందు పెట్టి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలితో చూపిస్తారు. నీకు చదవకుండా సంతకం పెట్టే అలవాటుంది. కాలేజీ హాస్టల్ ఫారం మీద అట్లా పెట్టే కదా, ఖాళీ చేశాక కూడా నెల అద్దె కట్టింది? ఆ రోజు నిన్ను తిట్టాను, ఈ రోజూ తిడుతున్నాను. లెటర్ కాపీ ముందుగా పంపమని హెచ్‌ఆర్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టు. అడగడం తప్పు కాదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం యజమాని బాధ్యత.

నేను అడగలేదు. ఆ కథ నీకెప్పుడూ చెప్పలేదు.

గాంధీ ఆసుపత్రి ఇంకా సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఉన్న రోజుల్లో అక్కడ జీఎన్ఎమ్, అంటే నర్సింగ్ డిప్లొమా చేశాను. 1996లో నగరంలోనే ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. జీతం 1,500 రూపాయలు, ఆరు నెలలు ప్రొబేషన్. సర్జికల్ వార్డు. నైట్ డ్యూటీ అంటే ఇద్దరమే ఉండేవాళ్లం. ఆరు నెలలు నిండిన రోజు నర్సులందరికీ పెద్దయిన మేట్రనమ్మ పిలిచి, "నీ పని బాగుంది, ఇక నీకు భయం లేదు" అంది. ఆ సాయంత్రం అరకిలో కలాకండ్ కొని వార్డులో అందరికీ పంచాను, ఆయాలకూ వాచ్‌మన్‌కూ కూడా. కాగితం ఏదీ అని నేను అడగలేదు. అడిగితే ఆమె మాట మీద నమ్మకం లేనట్టు ఉంటుందని అనిపించింది. అంత పెద్దామె మెచ్చుకున్నాక కాగితం అడగడం మర్యాద కాదనుకున్నాను.

ఇంకో పదకొండు నెలలు గడిచాయి. మేట్రనమ్మ వేరే చోటికి వెళ్లిపోయింది. అప్పుడే సూర్యాపేటలో మీ తాతకు పక్షవాతం వచ్చింది. లీవ్ లెటర్ ఇచ్చి వెళ్లాను, తొమ్మిది రోజులు ఆయన మంచం పక్కనే ఉన్నాను. పదో రోజు డ్యూటీకి వస్తే హాజరు పట్టీలో నా పేరు లేదు. ఆఫీసు గుమాస్తా నా ఫైలు తీసి ఒక లైను చూపించాడు. కన్ఫర్మేషన్ ఉత్తర్వు (ఉద్యోగం ఖాయం చేసే కాగితం) రాతపూర్వకంగా ఇచ్చేవరకు ప్రొబేషన్ కొనసాగుతుందని, ఆ కాలంలో కారణం చూపకుండా తీసేయవచ్చని రాసి ఉంది. దాని కింద నా సంతకం, నేనే వేసిన తేదీ. పదిహేడు నెలలు చేసినా ఆ కాగితం లెక్కలో నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. నాకు మాటిచ్చిన మనిషి అక్కడ లేదు, ఉన్నా ఆమె ఏమీ రాసివ్వలేదు.

ఉద్యోగం పోయినందుకు అంత ఏడవలేదు చిన్నీ. చేతికిచ్చిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో "ట్రైనీ నర్సుగా పనిచేసెను" అని ఉంది. అప్పట్లో నేను సౌదీకి ప్రయత్నిస్తున్నాను. స్టాఫ్ నర్సుగా రెండేళ్ల అనుభవం కావాలన్నారు. ట్రైనీగా చేసింది లెక్కలోకి రాదని ఏజెంటు ఫైలు తిరిగిచ్చేశాడు. నాతోపాటే చదివిన అమ్మాయి ఆ ఏడాదే విమానం ఎక్కింది. మీ తాత మందులకు చెరువు కింది అరెకరం అమ్మాల్సి వచ్చింది. నాన్నను చూసుకోవడానికి నేనే ఉద్యోగం మానేశానని మీ నాన్న ఇప్పటికీ అనుకుంటాడు. నువ్వు చెప్పకు. వాడు ఆ పొలం వైపు వెళ్లినప్పుడల్లా బాధపడతాడు, ఇది కూడా తెలిస్తే ఇంకా బాధపడతాడు.

తర్వాత తెలుసుకున్నాను. గడువు ముగిసినంత మాత్రాన ఉద్యోగం దానంతటదే ఖాయమైపోదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. ప్రొబేషన్ ఇంతకు మించి పొడిగించకూడదని నిబంధనల్లోనే ఉంటే తప్ప, ఉత్తర్వు వచ్చేదాకా అది సాగుతూనే ఉంటుంది. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో నేరుగా చేరిన వాళ్లకు కూడా మూడేళ్ల వ్యవధిలో రెండేళ్ల డ్యూటీ పూర్తి కావాలి, ఆ తర్వాత ఉత్తర్వు రావాలి.

కాబట్టి లెటర్లో ముందు ఆ లైను వెతుకు. పొడిగిస్తే ఎన్ని నెలలో రాశారా? "అవసరమైనంత కాలం" అని ఉంటే, గరిష్ఠంగా ఎంతో రాయమని మెయిల్లో అడుగు. ఐదో నెల ముగిసే రోజు క్యాలెండర్‌లో ఎర్రగా గుర్తు పెట్టుకో. ఆ రోజు హెచ్‌ఆర్‌కూ నర్సింగ్ సూపరింటెండెంట్‌కూ రెండు లైన్లు రాయి: "ఫలానా తేదీతో నా ప్రొబేషన్ ముగుస్తోంది, కన్ఫర్మేషన్ లెటర్ ఇప్పించగలరు." దాని కాపీ నీ సొంత మెయిల్‌కు పంపుకో, ఉద్యోగం పోతే ఆసుపత్రి మెయిల్ తెరుచుకోదు. పొడిగించామంటే, ఎందుకో, ఎప్పటివరకో రాసివ్వమను. ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఎంత ప్రేమగా చెప్పినా సరే, కాగితం అడుగు. ఆమె మంచిదే కావచ్చు, రేపు ఆమె కూడా వెళ్లిపోవచ్చు.

నోటీసు పీరియడ్ ప్రొబేషన్‌లో ఎంత, తర్వాత ఎంత అన్నది చూడు. వాళ్లు తీసేయడానికి ఒక రోజు, నువ్వు మానడానికి మూడు నెలలు అని ఉంటే నాకు చెప్పు. బాండ్, అంటే ఇన్నేళ్లు చేస్తాను, మధ్యలో మానితే ఇంత కడతాను అని రాసిచ్చే కాగితం ఉంటే, ఎన్నేళ్లు, ఎంత డబ్బు అని చూడు. బాండ్‌లో పెద్ద అంకె ఉన్నంత మాత్రాన అంతా కట్టాల్సిందే అనుకోకు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే, ఆ అంకె దానికి గరిష్ఠ పరిమితి. అలాగని బాండ్లన్నీ చెల్లవనీ కాదు. అందుకే సంతకానికి ముందే ఆలోచించాలి.

పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ప్రొబేషన్ అయ్యాకే అంటే నమ్మకు. పీఎఫ్ కిందికి వచ్చే ఉద్యోగికి చేరిన రోజు నుంచే కట్టాలి. జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ కూడా అంతే. మొదటి పే స్లిప్ నాకు ఫొటో తీసి పంపు. ఇంకో సంగతి, లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో ఉద్యోగి అన్న మాట కిందికి ప్రొబేషనర్, ట్రైనీ కూడా వస్తారని రాసి ఉంది. నైట్ డ్యూటీలో ఎవరైనా హద్దు దాటితే, "నేనింకా పర్మనెంట్ కాలేదు" అని నోరు మూసుకోవద్దు.

రాత్రిళ్లు నాకు ఎక్కువ భయం వేసేది సూది గురించి. నేను ఇన్‌ఛార్జ్‌గా ఉన్నప్పుడు ఒక కొత్త పిల్లకు రక్తం తీసిన సూది గుచ్చుకుంది. చెబితే ప్రొబేషన్ పాడవుతుందని నాలుగు రోజులు దాచింది. హెచ్‌ఐవీకి ముందుజాగ్రత్త మందు వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఆ గడువు దాటిపోయింది. పరీక్షలన్నీ నెగెటివ్ అని తేలేదాకా మూడు నెలలు ఆ పిల్ల సరిగా అన్నం తినలేదు, నేనూ తినలేదు. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టకు. గుచ్చుకుంటే పిండకు, సబ్బు నీళ్లతో కడిగి అప్పుడే చెప్పు, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయించు. హెపటైటిస్ బీ మూడు డోసులూ వేయించుకున్నావా? చేరకముందే చూసుకో. ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి దొరుకుతుంది. నీకేమైనా అయితే మీ నాన్న తట్టుకోలేడు, నేనూ తట్టుకోలేను.

లెటర్ కాపీ వస్తే వచ్చే ఆదివారం పట్టుకుని రా. పొద్దున్నే బస్సెక్కితే ఎండ ముదరకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతావు, నేను అక్కడే నిలబడి ఉంటా. ముందు సర్వపిండి తిందువు, నువ్వులు ఎక్కువ వేసి చేస్తా. తర్వాత ఇద్దరం కూర్చుని మొదటి లైను నుంచి చదువుదాం. పోయిన వారమే కళ్లద్దాలు మార్పించాను, చిన్న అక్షరాలు కూడా బాగా కనిపిస్తున్నాయి.

ఇట్లు,
మీ అత్తమ్మ