నాన్నగారి రేడియో కోసం ఎఫ్‌డీ కదపకండి

గాజువాక నుంచి ఒకరు రాశారు: చేతికొచ్చే జీతం 46,000, ఇంటి లోన్ ఈఎంఐ 17,500, ఇంటి ఖర్చు 20,000, దాచుకున్నదల్లా 1,20,000 ఎఫ్‌డీ ఒక్కటే. నాన్నగారి పాత వాల్వ్ (గాజు గొట్టాల) రేడియో పెట్టెలో బ్లూటూత్, ఆంప్లిఫయర్ అమర్చి మళ్లీ పాడించాలని ఆశ. అందుకు సొంతంగా సర్క్యూట్ బోర్డు డిజైన్ చేసి 50 బోర్డులు వేయించి (తనకి పోను మిగిలినవి అమ్మే ఆలోచన), ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే పరికరం), సోల్డరింగ్ సామాను కొనాలంటే 68,000 అవుతుందట. ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా, కార్డు మీద ఈఎంఐ పెట్టాలా అని అడిగారు.

రెండూ వద్దండీ. ఆ ఎఫ్‌డీ మీ ఇంటికి మూడు నెలల ఖర్చు, అంతే. దాన్ని ఆరు నెలలకు పెంచుకోవాల్సింది పోయి ఉన్నది తీస్తే ఎలా? కార్డు ఈఎంఐకైతే వడ్డీ, ఆ వడ్డీ మీద 18% జీఎస్టీ.

అలాగని రేడియో మానేయమనను, నాకు ఆ కోరిక చాలా నచ్చింది. నెలకు మిగిలే 8,500లో 2,500 దీనికి తీయండి, మిగతాది పొదుపులోకి వెళ్లనివ్వండి.

50 తీసుకుంటే ఒక్కోటి సగం ధరకే పడుతుందన్నారు, నిజమే, కానీ బోర్డు మీద వాల్యూమ్ నాబ్ బిగించే చోటు రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగిందంటే యాభైకి యాభై దండగే. ఐదు బోర్డులకే ఆర్డర్ తీసుకునే కంపెనీలున్నాయి, ఐదు చాలు. విదేశం నుంచి తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ కూడా లెక్కేసుకోండి, ఒక్కోసారి బోర్డుల కన్నా అవే ఎక్కువ. మిగిలినవి అమ్మే సంగతి, మీ రేడియో పాడాక, అడ్వాన్స్ ఇచ్చేవాళ్లు దొరికితే చూద్దాం.

ముందు సోల్డరింగ్ లేకుండా పార్టులు గుచ్చి చూసే బ్రెడ్‌బోర్డు మీద పాడించండి, తర్వాత బోర్డులు గీసే కీక్యాడ్ (KiCad) సాఫ్ట్‌వేర్‌లో గీయండి, అది ఉచితమే. ఆర్డర్ పెట్టే ముందు లేఅవుట్‌ని అసలు సైజులో ప్రింట్ తీసి, అట్టముక్కకి అంటించి, పొటెన్షియోమీటర్ (నాబ్ తిప్పితే వాల్యూమ్ మార్చే పార్టు) కాళ్లు అందులో గుచ్చి, పెట్టెలో పెట్టి చూడండి. నాబ్ ముందువైపు రంధ్రంలోంచి తిన్నగా బయటికొచ్చేదాకా ఎన్నిసార్లైనా చేయండి, పోయేది కాగితమే కదా.

ఆసిలోస్కోప్ ఇప్పుడొద్దు, వోల్టేజీ, కరెంటు కొలిచే మంచి మల్టీమీటర్ చాలు. మన సముద్రపు గాలికి బోర్డు మీది లోహపు భాగాలు త్వరగా తుప్పు పడతాయి, అంతా పనిచేశాక బోర్డుకి తేమ తగలకుండా కాపాడే కన్‌ఫార్మల్ కోటింగ్ కొట్టండి. ఒక్క దగ్గర మాత్రం డబ్బుకి వెనకాడకండి: పాత వాల్వ్ సర్క్యూట్‌లో వందల వోల్టులుంటాయి, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉండొచ్చు, అందుకని దాన్ని తెలిసిన మెకానిక్‌తోనే విప్పించండి.