గారు అంటే నిమ్మేనా?

కొరియాకి కొత్తగా వచ్చిన మనవాళ్లు అడిగేది ఒకటే. "అన్నా, పేరు చివర నిమ్ అనాలా, షి అనాలా?"

నేను ఎవర్నీ అడగలేదు. డ్రామాలు చూసిన ధైర్యంతో రెండో వారంలోనే మా మేనేజర్‌ని మీటింగ్‌లో "కిమ్ షి" అనేశాను. పక్కనున్నాయనకి కాఫీ పొలమారింది. షి అనేది చైనా అక్షరం నుంచి వచ్చింది, వంశం అని అర్థం. పూర్తి పేరుకో, ఇంటిపేరు తీసేసిన పేరుకో తగిలిస్తే మర్యాదే, కానీ అది సాటివాళ్ల వరకే. ఒట్టి ఇంటిపేరుకి తగిలిస్తే పనివాణ్ని కేకేసినట్టుంటుంది, పైవాళ్లనైతే అసలు అనకూడదు.

పైవాళ్లకి నిమ్. మనం పేరు పక్కన గారు పెడతాం, వీళ్లు ఎక్కువగా హోదా పక్కన నిమ్ పెడతారు. టీమ్ లీడరైతే టీమ్‌జాంగ్‌నిమ్, టీచరైతే సొన్‌సెంగ్‌నిమ్, కొట్టు యజమాని ఎవరైనా సాజాంగ్‌నిమ్, బస్సు డ్రైవర్ కిసానిమ్. పేరు తెలియకపోయినా బండి నడిచిపోతుంది. హోటల్లో వడ్డించే ఆవిడని ఇమో అంటారు, అంటే అమ్మ చెల్లెలో అక్కో, దానికీ నిమ్ చేర్చి ఇమోనిమ్ అంటే అచ్చం మన పిన్నిగారే! కిమ్చి ఇంకో గిన్నె వస్తుంది, నాది గ్యారంటీ. ఈమధ్య కొన్ని ఆఫీసుల్లో హోదాలు తీసేసి అందరినీ పేరుకే నిమ్ చేర్చి పిలుస్తున్నారు, మీ చోట ఏది నడుస్తుందో రెండు రోజులు విని మొదలుపెట్టండి.

ఈ నిమ్ వీళ్ల సొంత మాటే. పాత కొరియన్‌లో నిమ్ అంటే ప్రభువు. రాజుని నిమ్‌గుమ్ అనేవాళ్లు, తర్వాత మొదటి న అరిగిపోయి ఇమ్‌గుమ్ అయింది. అలాగే అరిగిన ఇమ్ అనే మాట కవిత్వంలో ప్రియుడికో ప్రియురాలికో వాడతారు. తోకగా వచ్చినచోట మాత్రం న చెక్కుచెదరలేదు. పిల్లల కథల్లో సూర్యుడు హేనిమ్, చంద్రుడు దాల్‌నిమ్. మన చందమామకి గారు తగిలించినట్టన్నమాట, నాకైతే భలే ముద్దుగా అనిపిస్తుంది.

అసలు తికమక సొంతవాళ్ల దగ్గర. మా ఇంటి ఓనరమ్మ మా మూడేళ్ల పాపని "తానిమ్ బాగుందా?" అని అడుగుతుంది. తాల్ అంటే కూతురు, నిమ్ చేరితే ల పోయి తానిమ్. ఆ మర్యాద పాపకి కాదు, మనకి. అందుకే జవాబు చెప్పేటప్పుడు మన పిల్లని మనం తానిమ్ అనకూడదు, ఉత్త తాల్ అనాలి.

ఆసుపత్రిలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్న మన పేరంతా, ఇంటిపేరుతో సహా, కూడబలుక్కుంటూ చదివి చివర నిమ్ అంటారు. "పేరేంటి?" అని అడిగినప్పుడు అదే వరసలో మీరూ నిమ్ అనేసేరు, నేను అన్నాను, కౌంటర్‌లో అమ్మాయి నవ్వు ఆపుకోలేక మొహం కంప్యూటర్ వెనక దాచుకుంది.